తాతల విద్యకు మన పేరున కాగితం కావాలి

(సంఘం యువజన సదస్సులో గిరిజన సంక్షేమ హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



సంఘం పెద్దలు మమ్మల్ని చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. హాస్టల్ నడిపేవాళ్ళం కాబట్టి మార్కులు, స్కాలర్‌షిప్పులు, హాజరు గురించి చెబుతామని మీరు అనుకుని ఉంటారు. అవి హాస్టల్లో రోజూ చెబుతూనే ఉంటాం, మీరు రోజూ వింటూనే ఉంటారు. ఈరోజు ఎలుకల గురించి, పాముల గురించి మాట్లాడదాం. నవ్వకండి. వెనక వరసల్లో కొందరు తల దించుకోవడం కూడా కనిపిస్తోంది. ఆ తల దించుకోవడం గురించే మా మాటలు.

హాస్టల్లో చేర్చుకునేటప్పుడు ఫారం నింపిస్తాం. తండ్రి వృత్తి అన్నచోట మన పిల్లలు "కూలి" అని రాస్తారు. కొందరు "వ్యవసాయ కూలి" అంటారు. నాన్న ఏటా సార్వాలో, దాళ్వాలో చేలగట్ల మీద ఎలుకలు పడతాడని మాకు తెలుసు, పిల్లలకూ తెలుసు. అయినా ఆ మాట ఒక్కరూ రాయరు. "ఎలుకలు పట్టేవాళ్ళ పిల్లలు" అని బడిలో ఎవరో అనే ఉంటారు. అది మనసులో ముల్లులా ఉండిపోతుంది.

ఇప్పుడు రాజమహేంద్రవరం బజారుకి వెళ్ళి చూడండి. హోటళ్ళకి, నర్సింగ్ హోములకి, బట్టల షాపులకి, అపార్టుమెంట్లకి "పెస్ట్ కంట్రోల్" వాళ్ళు వస్తారు. యూనిఫారం, బూట్లు, చేతికి గ్లౌజులు, మెడలో గుర్తింపు కార్డు. ఏడాదికి ఇంత అని ముందే కాంట్రాక్టు రాసుకుంటారు. పని అయ్యాక రసీదు ఇస్తారు. వాళ్ళని ఎవరూ వెక్కిరించరు. "సార్, టీ తాగుతారా" అని అడుగుతారు. వాళ్ళు చేసే పనేమిటి? ఎలుక ఎక్కడి నుంచి వస్తోందో చూస్తారు. కన్నం మూస్తారు. బోను పెడతారు. మందు పెడతారు. మళ్ళీ వారం తర్వాత వచ్చి చూస్తారు. ఇది మన తాతల పనే. అటు ఉన్నది, ఇటు లేనిది కాగితం. లైసెన్సు, ట్రైనింగ్ సర్టిఫికెట్, రసీదు పుస్తకం. పని తక్కువది కాబట్టి మనకి మర్యాద లేదనుకోకండి. ఆ పనికి మన పేరున కాగితం లేకపోవడం వల్ల మర్యాద పోయింది.

ఈ డెల్టాని ఒకసారి తలచుకోండి. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలువలు వచ్చాయి, కాలువలతో గట్లు వచ్చాయి, రెండు పంటలు వచ్చాయి. ఏడాది పొడుగునా ఏదో ఒక చోట వరి ఉంటుంది. ఎలుకకి ఇంతకంటే ఏం కావాలి? గట్టులో ఇల్లు, ఇంటి ముందే అన్నం. మన చేలల్లో ఎక్కువ నష్టం చేసేది పందికొక్కుల్లో చిన్న జాతి. దానితోపాటు చిట్టెలుక. పందికొక్కు పిలకల్ని కొరికి పడేస్తుంది, కంకుల్ని కలుగులోకి మోసుకుపోయి దాచుకుంటుంది, గట్టుని తొలిచి నీళ్ళు పోయేలా చేస్తుంది. కోతలైపోయి చేలో తిండి అయిపోయాక కుప్పల్లోకి, గాదెల్లోకి, రైసు మిల్లుల్లోకి, ఇళ్ళల్లోకి వస్తుంది. పొలంలో ఎలుక, ఇంట్లో ఎలుక అని మనం విడదీసి చూస్తాం గానీ, ఎలుకకి ఆ గీత లేదు.

ఈ ఎలుకని మన పెద్దలు ఎలా పట్టేవారో ఇంట్లో ముసలివాళ్ళని అడగండి. కలుగు నోటి దగ్గర మట్టి కొత్తగా, వదులుగా ఉందా, ఎండి గట్టిపడిందా చూస్తారు. ఒక కలుగుకి ఎన్ని నోళ్ళు ఉన్నాయో గట్టు అటువైపు, ఇటువైపు వెతుకుతారు. ఎలుక పారిపోయే దారి ముందు మూస్తారు. అడుగున చిల్లు పెట్టిన కుండలో గడ్డి వేసి, నిప్పు రాజేసి, నోటితో ఊది కలుగులోకి పొగ పంపిస్తారు. ఎలుక బుట్టలు ఎక్కడ పెట్టాలో ఎలుక నడిచిన జాడ చూసి చెబుతారు. ఆడవాళ్ళు కూడా ఈ పనిలో సగం చేసేవారు. కన్నాలు వెతకడం, మూయడం, తవ్విన కలుగులోంచి ధాన్యం ఏరడం వాళ్ళ చేతి మీదే జరిగేది.

ఇప్పుడు పశ్చిమ గోదావరిలోని మారుటేరు వరి పరిశోధన కేంద్రం మాట చూద్దాం. 1925 నుంచి ఉన్న కేంద్రం అది. మనమంతా తిన్న స్వర్ణ బియ్యం, అంటే ఎంటీయూ 7029, అక్కడిదే. అక్కడ ఎలుకల నివారణ మీద కూడా పరిశోధన జరుగుతుంది. శాస్త్రవేత్తలు రైతులకి చెప్పే మొదటి పాఠం ఏమిటంటే, సాయంత్రం చేలో ఉన్న కన్నాలన్నీ మట్టితో మూసేయాలి, పొద్దున్నే వెళ్ళి ఏవి మళ్ళీ తెరుచుకున్నాయో చూడాలి. తెరుచుకున్నవే ఎలుకలున్న కన్నాలు, మందు వాటిలోనే పెట్టాలి. మీ తాతని అడిగితే ఆయనా ఇదే చెబుతాడు. రెండో పాఠం, రైతులందరూ ఒకేసారి చేయాలి. ఒక్కడు చేస్తే పక్క చేలోంచి ఎలుకలు వచ్చేస్తాయి. మూడో పాఠం, పంట చిన్నగా ఉన్నప్పుడే చేయాలి, కంకి పడ్డాక ఎలుక మన ఎర వైపు చూడదు. ఇదీ మన పెద్దలకి తెలిసిన సంగతే. "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు" అని సామెత చెప్పి జనం నవ్వుతారు. కొండంతా తవ్వకుండా ఎక్కడ తవ్వాలో తెలియడమే మనవాళ్ళ విద్య.

ఆ విద్యకి దొరికిన కూలి మాత్రం తోకల లెక్క. ఎన్ని తోకలు చూపిస్తే అన్ని డబ్బులు. ఆ లెక్కలో పోయింది చూశారా? ఎలుకలు తక్కువైతే మన కూలి తక్కువ. అంటే పని బాగా చేసిన కొద్దీ ఆదాయం తగ్గుతుంది. పెస్ట్ కంట్రోల్ వాళ్ళ పద్ధతి దీనికి తలకిందులు. ఎలుక లేకుండా ఉంచినందుకు వాళ్ళకి డబ్బు. దాళ్వా మొదట్లో అడ్వాన్సు చేతిలో పెట్టించుకున్నామంటే ధర మాట్లాడే హక్కు కూడా పోతుంది. అందుకే తోకల లెక్క నుంచి ఎకరం లెక్కకి, ఇంటి లెక్కకి, ఏడాది లెక్కకి మనం మారాలి.

అలా మారాలంటే పని ఎలా చేయాలో పూర్తిగా తెలియాలి. ఎలుక పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. అందుకే కొరుకుతూనే ఉంటుంది. కరెంటు వైర్లు, ప్లాస్టిక్ పైపులు, చెక్క తలుపులు ఏవీ వదలదు. చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు, అంటే పెన్సిలు పట్టేంత సందు చాలు. మూడు వారాల గర్భంతోనే పిల్లలు పెడుతుంది. కాబట్టి ఉన్నవాటిని చంపుకుంటూ పోతే ఎప్పటికీ తరగవు. దారి, తిండి, దాక్కునే చోటు, ఈ మూడూ తీసేస్తేనే తగ్గుతాయి.

మా హాస్టల్ స్టోరు గదిలో మేము చేసేది ఇదే. బియ్యం బస్తాలు నేల మీద పెట్టం, చెక్క బల్లల మీద పెడతాం, గోడకి ఆనించకుండా మనిషి నడిచేంత ఖాళీ వదులుతాం. తలుపు అడుగున రేకు కొట్టించాం. పైపులు గోడలోంచి వచ్చే చోట సందుల్లో ఇనప జాలీ కూరి సిమెంటు పూయించాం. రాత్రి అన్నం తిన్నాక మిగిలింది బయట పారబోయనివ్వం. గోడ చుట్టూ గడ్డి, ఇటుకల కుప్ప ఉండనివ్వం. ఎలుక గోడ వారనే నడుస్తుంది కాబట్టి బోను గోడకి ఆనించి పెడతాం. కొత్త వస్తువంటే దానికి అనుమానం. మొదటి రెండు మూడు రోజులు బోను తెరిచే ఉంచి, తిండి మాత్రం పెడతాం. అలవాటు పడ్డాక బోను బిగిస్తాం. ఇది చెప్పింది ఏ ఇంజనీరూ కాదు. మన పిల్లల్లో ఒకరి తాతయ్య సెలవు రోజు మనవరాలిని చూడటానికి వచ్చి, స్టోరు గది చుట్టూ ఒక్కసారి తిరిగి, ఏ సందులోంచి వస్తున్నాయో వేలు పెట్టి చూపించి వెళ్ళారు. అదే పని కంపెనీ వాళ్ళు చేస్తే దానికి "ఇన్‌స్పెక్షన్ చార్జీ" అంటారు.

మందుల గురించి గట్టిగా చెప్పాలి, వినండి. పొలాల్లో వాడేది ఎక్కువగా బ్రోమోడయోలోన్. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు కలిపి చిన్న పొట్లాలు కట్టి ఎలుక ఉన్న కన్నంలో పెడతారు. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది, అందుకే మిగతా ఎలుకలకి అనుమానం రాదు. మనిషి పొరపాటున తింటే దీనికి విటమిన్ కె1 విరుగుడు ఉంది. జింక్ ఫాస్ఫైడ్ వేరు. అది తొందరగా చంపుతుంది, విరుగుడు లేదు. ఇక గోదాముల్లో, మిల్లుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు గాలి తేమ తగిలితే చాలు విషవాయువు వదులుతాయి. అవి ఇళ్ళల్లో, మనుషులు పడుకునే చోట వాడే వస్తువు కాదు. ట్రైనింగ్ లేనివాళ్ళు ముట్టుకోకూడదు. "బస్తాల మధ్య ఈ బిళ్ళలు పెట్టి రారా, వంద ఇస్తా" అని ఎవరైనా అంటే, మీ ప్రాణానికి ఆయన వేసిన ధర వంద అని గుర్తు పెట్టుకోండి.

పసుపు భాస్వరం కలిపిన ఎలుకల పేస్టు కొట్లలో దొరుకుతుంది. దాన్ని ఇంట్లోకి రానివ్వకండి. అది లివరుని పాడుచేస్తుంది, దానికి విరుగుడు లేదు. కడుపులోకి పోయిన మొదటి రోజు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు, అందుకే ఆలస్యం చేస్తారు. ఏ ఎలుకల మందైనా ఎవరి కడుపులోకైనా పోయిందని తెలిస్తే బాగానే ఉన్నాడు కదా అని ఆగకుండా, ఆ డబ్బా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఎలుకల పని చేసేవాళ్ళకి ఇంకో ప్రమాదం ఎలుకల మూత్రం. దానితో వచ్చే జ్వరం పేరు లెప్టోస్పైరోసిస్. తడి నేలలో, కాలువ నీళ్ళలో ఆ క్రిములు ఉంటాయి. కాలి పగుళ్ళలోంచి, చేతి గాట్లలోంచి ఒంట్లోకి వెళతాయి. జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం, తర్వాత కామెర్లు. పట్టించుకోకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. తొందరగా గుర్తిస్తే మామూలు మందులతో తగ్గిపోతుంది. అందుకే మీ నాన్నకి జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళితే "మేము ఎలుకల పని చేస్తామండి" అని ముందే చెప్పండి. ఫారంలో రాయడానికి సిగ్గుపడిన మాటే అక్కడ ప్రాణం కాపాడుతుంది. ఉత్త చేతిని కలుగులో పెట్టే అలవాటు మన తరంతో ఆగిపోవాలి. గ్లౌజులు, బూట్లు షోకు కోసం కాదు.

ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. ఇంట్లో పాము కనిపించిందంటే సగం సార్లు అది ఎలుక కోసమో, కప్ప కోసమో వచ్చిందే. ఎలుకల్ని తిని మనకి మేలు చేసే జెర్రిపోతుని, గుడ్లగూబని మనమే చంపుకుంటాం, తర్వాత ఎలుకల మందు కొనుక్కుంటాం. ఇళ్ళ చుట్టూ ఎలుకలు లేకుండా చేసే మనిషి, పాముల భయాన్ని కూడా తగ్గిస్తాడు. ఈ రెండూ ఒకే వృత్తి.

పాముకాటు మన ప్రాంతంలో చిన్న విషయం కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. 2018 ఆగస్టులో పక్కనే కృష్ణా డెల్టాలో, దివిసీమలో, నాట్ల రోజుల్లో పాముకాటుకి గురైనవాళ్ళతో అవనిగడ్డ ఆసుపత్రి నిండిపోయింది. చేలో వంగి పనిచేసేవాళ్ళకే ఆ కాట్లు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2030కల్లా ఈ మరణాలు సగానికి తగ్గాలన్నది దాని లక్ష్యం. గోదావరి వరద వచ్చినప్పుడల్లా లంకల్లో పాములు గట్లెక్కి ఇళ్ళల్లోకి వస్తాయని మీకు వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు ఎవరిని పిలుస్తారు? మన కుర్రాళ్ళని. "ఒరేయ్, మీవాళ్ళకి తెలుసు కదా, వచ్చి పట్టరా" అంటారు. పాము పోయాక ఓ యాభయ్యో, ఒక సీసానో చేతిలో పెడతారు. కుర్రాడు దాన్ని మెడ దగ్గర పట్టుకుని, సెల్ ఫోను ముందు నిలబడి వీడియో తీయించుకుంటాడు. లైకులు వస్తాయి. కాటు పడితే లైకు కొట్టినవాళ్ళెవరూ ఆసుపత్రికి రారు. తమ్ముళ్ళూ, ఇది ధైర్యం కాదు. మన ప్రాణాన్ని ఉచితంగా వాడుకోనివ్వడం.

మన దేశంలోనే దీనికి వేరే దారి చూపించినవాళ్ళు ఉన్నారు. తమిళనాడులో ఇరులలు, మన యానాదుల్లాగే అడవినీ, పొలాన్నీ చదివినవాళ్ళు. ఒకప్పుడు వాళ్ళు పాము తోళ్ళు అమ్ముకుని బతికేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1976లో తోళ్ళ ఎగుమతి ఆగిపోయింది. రాత్రికి రాత్రి బతుకుతెరువు పోయింది. 1978లో వాళ్ళు మద్రాసు దగ్గర పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల శాస్త్రవేత్త రోములస్ విటేకర్ వెంట నిలిచారు. అటవీ శాఖ అనుమతితో నాలుగు రకాల పాముల్ని పడతారు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. కొన్ని వారాలు ఉంచి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. ఈరోజు మన పీహెచ్‌సీలో ఎవరికైనా ఎక్కించే ఆ మందు వెనక చాలావరకు ఇరులల చేతులున్నాయి. చంపి తోలు అమ్మిన విద్య, ప్రాణం పోసే విద్యగా మారింది. పాము మారలేదు, పట్టే చెయ్యీ మారలేదు. సంఘం, అనుమతి, లెక్క పుస్తకం, ఈ మూడూ వచ్చి చేరాయి.

ఆ సంఘం మనుషులే వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్. 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకి వాళ్ళని పిలిపించారు. అక్కడ పెంపుడు జంతువులుగా తెచ్చి వదిలేసిన బర్మా కొండచిలువలు చిత్తడి అడవుల్లో లెక్కకు మించి పెరిగిపోయి, అక్కడి జంతువుల్ని తినేస్తున్నాయి. కెమెరాలు, కుక్కలు అన్నీ ఉన్నా అక్కడివాళ్ళకి గడ్డిలో కొండచిలువ కనిపించేది కాదు. వీళ్ళు నేల మీద జాడ చూసి, రెండు వారాలు తిరక్కముందే 13 కొండచిలువల్ని పట్టారు. ఇంగ్లీషు రాదు, దుభాషి కావలసి వచ్చింది. జాడ చదవడానికి మాత్రం ఏ దుభాషీ అక్కర్లేదు. 2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. పాములు పట్టేవాళ్ళకి పద్మశ్రీ. తల దించుకున్నవాళ్ళు ఇప్పుడు ఒకసారి పైకి చూడండి.

అలాగని రేపటి నుంచి పాముల వెంట పడమని మేము చెప్పడం లేదు. చట్టం స్పష్టంగా ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా పాముని పట్టడం, దగ్గర ఉంచుకోవడం, ఆడించడం, చంపడం నేరం. విషం అమ్ముకుందామనుకుంటే జైలే. పాముల పని చేయాలనుకుంటే ముందు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, అనుభవం ఉన్నవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. కొక్కెం కర్ర, గొట్టం, సంచి వాడాలి, చేత్తో ముట్టుకోకూడదు. పట్టిన పాముని ఊరంతా తిప్పకుండా దగ్గరలోనే తగిన చోట వదిలేయాలి. ఇక పెద్ద జంతువులు మన పని కానే కాదు. 2022లో ప్రత్తిపాడు వైపు పులి తిరిగినప్పుడు, 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు దగ్గర, తర్వాత కడియం నర్సరీల వైపు చిరుత కనిపించినప్పుడు కెమెరాలు, బోనులు పెట్టింది అటవీ శాఖే. అలాంటప్పుడు కర్ర పట్టుకుని చూడటానికి వెళ్ళకుండా ఇంట్లో ఉండటం, కబురు చెప్పడం, ఇవే మన బాధ్యత.

కాటు పడితే ఏం చేయాలో అందరికీ తెలియాలి. పాముకి దూరంగా జరగాలి. కంగారు పడకూడదు, పరుగెత్తకూడదు. ఉంగరాలు, గాజులు తీసేయాలి. కాటు పడిన చెయ్యో కాలో కదలకుండా కర్ర కట్టాలి. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. మంత్రం, పసరు అని ఒక్క గంట పోగొట్టుకున్నా ఆ గంట మళ్ళీ రాదు. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. నేల మీద పడుకోకుండా మంచం మీద, దోమతెర పరుపు కిందికి దోపుకుని పడుకోవాలి. మా హాస్టల్లో దోమతెర గురించి ఎందుకు సతాయిస్తామో ఇప్పుడు అర్థమైందనుకుంటాం.

ఇక అసలు విషయం, కాగితం. 1968 పురుగుమందుల చట్టం, 1971 నిబంధనల ప్రకారం మందులతో పెస్ట్ కంట్రోల్ వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. దానికి వ్యవసాయంలో డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్సు డిగ్రీ గానీ ఉండాలి. పైగా గుర్తింపు ఉన్న సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ ఉండాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది, ఎన్‌ఐపీహెచ్‌ఎం అంటారు. ఇలాంటి శిక్షణలు అక్కడ ఇస్తారు, ఎలుకల నివారణ మీద కూడా నేర్పుతారు.

ఈ నిబంధన విని "ఇంకేం, మన నాన్నలకి దారి మూసేశారు" అని మీకు అనిపించవచ్చు. మాకు మరోలా కనిపిస్తోంది. మన హాస్టళ్ళలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివే అమ్మాయిలు, అబ్బాయిలు ఉన్నారు. డిగ్రీ అయ్యాక ఏం చేయాలని మమ్మల్నే అడుగుతుంటారు. వాళ్ళ తాతలకి జాడ తెలుసు, లైసెన్సు లేదు. వీళ్ళకి లైసెన్సుకి కావలసిన చదువుంది, జాడ తెలియదు. ఒకే ఇంట్లో సగం సగం ఉన్న ఈ రెండూ ఒకచోట కలిస్తే, రాజమహేంద్రవరంలో ఏ కంపెనీ దగ్గరా లేని విద్య మన సంఘం దగ్గర ఉంటుంది.

బుట్టలతో, బోనులతో పట్టడానికి, కన్నాలు మూయడానికి మందుల లైసెన్సుతో పని లేదు. అది రేపే మొదలుపెట్టొచ్చు. పదిమందికి పైగా కలిసి 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సంఘం నమోదు చేసుకోవచ్చు. ట్రైకార్ రుణాలు, జాతీయ షెడ్యూల్డ్ తెగల ఆర్థిక సంస్థ రుణాలు ఉన్నాయి, అడిగి తెలుసుకోవాలి. రైసు మిల్లులు, కడియం నర్సరీలు, రొయ్యల శుద్ధి కర్మాగారాలు, హోటళ్ళు, ఆసుపత్రులు, బడులు, మా హాస్టల్‌తో సహా, అందరికీ ఈ సేవ కావాలి. కొండ మీద కొండరెడ్డి, కోయ తమ్ముళ్ళకి మరో విద్య ఉంది. అపార్టుమెంట్లకి పట్టే పెద్ద తేనెపట్టుని కాల్చిపడేయకుండా, ఈగలు చావకుండా తీయడం. దానికి కూడా పట్నంలో డబ్బిచ్చేవాళ్ళున్నారు. ఒక సంఘంలో అందరికీ చోటుంది.

ఆడపిల్లలకి ఒక మాట. ఇది మగవాళ్ళ పని అనుకోకండి. ఇంటి లోపలికి, వంటగదిలోకి, లేడీస్ హాస్టల్లోకి వచ్చి పనిచేసే మనిషి ఆడమనిషి అయితే ఇల్లాలు తలుపు నిశ్చింతగా తీస్తుంది. ఆ అవకాశం మీదే.

వెళ్ళేముందు చేయాల్సినవి నాలుగు చెబుతాం, రాసుకోండి. ఒకటి, ఈ సెలవుల్లో మీ తాత దగ్గర, నాయనమ్మ దగ్గర కూర్చుని వాళ్ళకి తెలిసిందంతా రాయండి. కలుగు గుర్తులు, ఏ నెలలో ఎలుక ఎక్కడ ఉంటుంది, బుట్ట అల్లిక, అన్నీ. వాళ్ళు పోయాక ఏ పుస్తకంలోనూ దొరకదు. రెండు, ఎలుకల పని చేసే ప్రతివాళ్ళకీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి 2 లక్షలు. పాముకాటుకీ వర్తిస్తుంది, ఆసుపత్రి కాగితం ఉండాలి. మూడు, ఇంట్లో ఒక జత గ్లౌజులు, ఒక జత బూట్లు కొనండి. కొత్త ఫోను తర్వాత కొనుక్కోవచ్చు. నాలుగు, సైన్సు డిగ్రీ చదివేవాళ్ళు, పూర్తి చేసినవాళ్ళు ఈరోజే సంఘం దగ్గర పేర్లు ఇవ్వండి. శిక్షణ దరఖాస్తు నింపడానికి, ఉత్తరాలు రాయడానికి మేము కూర్చుంటాం. ఆదివారం మధ్యాహ్నాలు హాస్టల్ ఆఫీసు గది తెరిచే ఉంటుంది.

 బయట బల్ల మీద రిజిస్టరు పెట్టాం. పేరు, ఊరు, చదువు, ఇంట్లో పని తెలిసిన పెద్దవాళ్ళ పేరు, నాలుగు గళ్ళున్నాయి. నాలుగో గడి ఖాళీగా వదలకండి.

సెలవు.